పాత నగల్లో రంగు ముత్యాలు: అసలువెన్ని, పెంచినవెన్ని?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



పెన్షనర్ల సభలో డి.ఎ. బకాయిల గురించో, మందుల బిల్లుల గురించో మాట్లాడాలి గాని ఈయన ముత్యాల గురించి మాట్లాడతానంటాడేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మన వయస్సువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు జరుగుతున్న పని ఏమిటో ఒక్కసారి తలచుకోండి. అమ్మ నగలు, అత్తగారి నగలు లాకర్లోంచి తీసి పిల్లలకు పంచి పెడుతున్నాం. బంగారం సంగతి సులువు, తూకం వేస్తే తేలిపోతుంది. ముత్యాల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ ఏమీ తెలియదు. తెలియనిచోట అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టినచోట అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ మాటలు పడవు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను వర్తకుణ్ణి కాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు దేవాలయాల నగల రిజిస్టర్లు సరిచూసే పని చేశాను. ఆ పాత రిజిస్టర్లలో "నల్ల ముత్యం ఒకటి", "పసుపు ముత్యాల దండ ఒకటి" అని మాత్రమే రాసి ఉండేది. సైజు లేదు, తూకం లేదు, బెజ్జం ఉందో లేదో లేదు. ఆ ఒక్క ముక్క చూసి ఎదుట ఉన్నది అదో కాదో తేల్చడం ఎంత కష్టమో అనుభవించాక దీని మీద ఆసక్తి కలిగింది. రిటైరయిన తర్వాత తీరికగా చదివి, తెలిసినవారి దగ్గర నేర్చుకున్నదే ఈ రోజు మీతో పంచుకుంటున్నాను.

ముత్యం ఎలా పుడుతుంది?

స్వాతి కార్తెలో కురిసిన వాన చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పారు. ఇసుక రేణువు దూరితే ముత్యమవుతుందని బడి పుస్తకాలు చెప్పాయి. రెండోది కూడా చాలావరకు కథే. చిప్పలోని జీవికి ఒంటిపొర ఒకటి ఉంటుంది. చిప్ప గోడను కట్టే కణాలు ఆ పొరలోనే ఉంటాయి. ఏ చిన్న పురుగో తొలిచినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో ఆ కణాలు కొన్ని లోపలికి జారి సంచిలా ఏర్పడతాయి. ఆ సంచి చిప్ప గోడకు పూసే పదార్థాన్నే పొర మీద పొరగా పూస్తూ పోతుంది. అదే సహజ ముత్యం. దాన్ని కోస్తే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు నడిమి నుంచి అంచుదాకా పొరలే కనిపిస్తాయి.

ఇదే పనిని మనిషి చేయిస్తే కల్చర్ ముత్యం. మంచినీటి ఆల్చిప్ప గోడను చెక్కి గుండ్రని పూస చేస్తారు. వేరొక చిప్పలోని ఒంటిపొర ముక్కతో పాటు ఆ పూసను జీవి శరీరంలో పెడతారు. పూస చుట్టూ పొర కడుతుంది. జపాన్‌లో మికిమోతో కోకిచి 1893లో అర్ధచంద్రాకారపు ముత్యాలు పండించాడు. గుండ్రటివి పండించే పద్ధతి 20వ శతాబ్దపు మొదటి రెండు దశాబ్దాల్లో కుదిరింది. 1920ల్లో అవి లండన్, పారిస్ బజార్లకు వచ్చాయి. పైకి చూస్తే తేడా లేదు. వర్తకులు బెంబేలెత్తిపోయారు. ఆ గొడవ కారణంగానే 1925లో లండన్‌లో వర్తకుల సంఘం ముత్యాల పరీక్షకు ప్రయోగశాల పెట్టుకుంది.

ధర ఎంత పడిపోయిందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1917లో కార్టియే సంస్థ న్యూయార్క్‌లోని ఫిఫ్త్ ఎవెన్యూలో ఒక భవంతిని సంపాదించింది. అందుకు ఇచ్చినది రెండు పేటల సహజ ముత్యాల హారం. దాని వెల అప్పట్లో పది లక్షల డాలర్లు. 40 ఏళ్ళ తర్వాత అదే హారం వేలంలో సుమారు లక్షన్నర డాలర్లకు పోయింది. గల్ఫ్ దేశాల్లో ముత్యాల వేటనే నమ్ముకున్న ఊళ్ళు ఇటు కల్చర్ ముత్యాలతో, అటు 1929 ఆర్థిక మాంద్యంతో చితికిపోయాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడ్డాక ఈతగాళ్ళు ఆ పనిలోకి మళ్ళారు. బహ్రెయిన్ మాత్రం తన పేరు కాపాడుకోవడానికి కల్చర్ ముత్యాల వ్యాపారాన్నే నిషేధించింది.

ఇప్పుడు కాలచక్రం తిరిగింది. కొత్తగా సహజ ముత్యాలు దొరకడం దాదాపు ఆగిపోయింది గనుక పాత నగల్లో ఉన్నవాటికే మళ్ళీ గిరాకీ. బరోడా మహారాజుల హారంలోని ముత్యాలతో కూర్చిన రెండు పేటల దండ 2007లో న్యూయార్క్ వేలంలో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన ఇళ్ళల్లో అంతటివి ఉండవు. అయినా సహజ ముత్యానికీ కల్చర్ ముత్యానికీ ధరలో తేడా ఎన్నో రెట్లు ఉంటుంది.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

ముత్యం రంగు దాన్ని కన్న చిప్ప రంగును బట్టి ఉంటుంది. మనం బస్రా ముత్యాలని పిలిచేవి బస్రాలో పుట్టినవి కావు. పర్షియా సింధుశాఖలో, ముఖ్యంగా బహ్రెయిన్ చుట్టుపక్కల దొరికి, బస్రా రేవు మీదుగా బొంబాయికి, అక్కడి నుంచి హైదరాబాదుకు చేరినవి. వాటి రంగు మీగడ తెలుపు, లేత పసుపు, అరుదుగా లేత గులాబి. మన్నారు సింధుశాఖలో తూత్తుకుడి దగ్గర దొరికినవీ ఇంచుమించు ఇలాంటివే. తళతళలాడే పాల తెలుపు కన్నా ఈ పసుపు ఛాయనే మన దేశంలో పండిన ముత్యమని మెచ్చుకునేవారు. నిజాం నగల్లోని ఏడు పేటల సత్లడా ఈ బస్రా ముత్యాలదే. కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగల్లో అదొకటి. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు మీలో చాలామంది వరుసలో నిలబడి చూసే ఉంటారు.

నలుపు, బూడిద, నెమలికంఠం ఛాయలు రెండు తావుల నుంచి వచ్చాయి. పసిఫిక్ దీవుల్లోని నల్ల పెదవి ఆల్చిప్ప ఒకటి. మెక్సికో పడమటి తీరాన కాలిఫోర్నియా సింధుశాఖలోని చిప్పలు రెండోది. 19వ శతాబ్దంలో యూరప్ రాణులు ధరించిన నల్ల ముత్యాలు ఎక్కువగా ఈ రెండు చోట్లవే. ఫ్రాన్సు మహారాణి యూజినీ నల్ల ముత్యాల హారం ఆ రోజుల్లో పెద్ద పేరు. బంగారు వన్నెవి బంగారు పెదవి గల పెద్ద ఆల్చిప్పలోవి. బర్మా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా సముద్రాలు వాటి చోటు.

గులాబి, ఊదా రంగులు మంచినీటి చిప్పలవి. 1857లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు వాగులో ఒక గులాబి ముత్యం దొరికింది. దానితో అక్కడ చిప్పల వేట వెర్రిగా సాగి, వాగులూ ఏళ్ళూ ఖాళీ అయ్యాయి. వీటికి తోడు శంఖంలో పుట్టే గులాబి ముత్యం ఉంది. కరీబియన్ సముద్రపు పెద్ద శంఖంలో దొరుకుతుంది. దానికి ముత్యపు మెరుపు ఉండదు, పింగాణీలా నునుపుగా ఉండి లోపల మంట నాలుకల వంటి చారలు కనిపిస్తాయి. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో ముత్యాల పుట్టుచోట్లు చెబుతూ ఏనుగు, పాము, వెదురు, మేఘాలతో పాటు శంఖాన్ని కూడా చేర్చాడు. మిగిలినవాటి మాట ఎలా ఉన్నా శంఖం మాట నిజమే.

నాలుగు ప్రశ్నలు

పాత నగలో రంగు ముత్యం కనబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఇది ముత్యమేనా, గాజుపూసా? రెండు, సహజమా, కల్చరా? మూడు, ఈ రంగు పుట్టుకతో వచ్చిందా, వేసిందా? నాలుగు, నగ ఎంత పాతదో ముత్యమూ అంత పాతదేనా? మనవాళ్ళు ఎక్కువగా మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు. చిక్కంతా మిగిలిన మూడింటిలోనే ఉంది.

మొదటి ప్రశ్నకు ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. పంటి అంచుకు మెల్లగా తాకిస్తే ముత్యం గరగరలాడుతుంది, గాజుపూస నున్నగా జారుతుంది. అంతకన్నా మంచి పద్ధతి రెండు ముత్యాలను ఒకదానికొకటి సుతారంగా రాయడం. ఆ గరుకు వేళ్ళకే తెలుస్తుంది. భూతద్దంతో చూస్తే గాజుపూస బెజ్జం దగ్గర పైపూత పెచ్చులూడినట్టు కనిపిస్తుంది. చేప పొలుసుల మెరుపు పూసి నకిలీ ముత్యాలు చేయడం పారిస్‌లో 17వ శతాబ్దం నుంచే ఉంది. కాబట్టి నగ వందేళ్ళ పాతదైనంత మాత్రాన పూస అసలుదని కాదు. ఒక హెచ్చరిక. పంటి పరీక్ష కల్చర్ ముత్యాన్ని పట్టివ్వదు. దాని పైపొర కూడా అసలు ముత్యపు పొరే గదా! "పంటికి గరగరలాడింది, అసలు బస్రా" అని ఎవరైనా అంటే చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

రెండో ప్రశ్నకు బెజ్జం సాక్షి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి మంచి వెలుతురులో బెజ్జంలోకి చూడాలి. కల్చర్ ముత్యమైతే పైపొర ఎక్కడ ముగిసిందో, లోపలి పూస ఎక్కడ మొదలైందో ఒక గోధుమరంగు గీత తరచుగా కనిపిస్తుంది. సహజమైతే అలాంటి సరిహద్దు ఉండదు. పొరలే ఒకదాని వెనుక ఒకటి లోపలిదాకా పోతాయి.

బెజ్జం వెడల్పు కూడా కొంత చెబుతుంది. సహజ ముత్యాలను తూకానికి అమ్మేవారు. అదీ మామూలు తూకం కాదు. గ్రెయిన్లలో తూచి, ఆ అంకెను దానితోనే హెచ్చించి, అప్పటి రేటుతో గుణించి వెల కట్టేవారు. గ్రెయిన్ అంటే 50 మిల్లీగ్రాములు. రేటు రూపాయి అనుకుంటే రెండు గ్రెయిన్ల ముత్యం నాలుగు రూపాయలు, నాలుగు గ్రెయిన్లది 16 రూపాయలు. ఇలాంటి లెక్కలో కాస్త పొడి రాలినా నష్టమే. అందుకని పనివాడు వీలైనంత సన్నని బెజ్జం వేసేవాడు. కల్చర్ ముత్యాన్ని మిల్లీమీటర్ల లెక్కన అమ్ముతారు, బెజ్జం మరమీద వేస్తారు, కాస్త వెడల్పుగా ఉంటుంది. అయితే పాత ముత్యాన్ని మళ్ళీ గుచ్చేటప్పుడు బెజ్జం పెద్దది చేసి ఉండవచ్చు. కనుక ఇది సూచన మాత్రమే.

మూడో పని దీపం ముందు చూడడం. చీకటి గదిలో చిన్న టార్చి వెలుగుకు అడ్డంగా ముత్యాన్ని పెట్టి మెల్లగా తిప్పితే, కల్చర్ ముత్యంలో లోపలి పూస చారలు ఒక్కోసారి జీబ్రా చారల్లా కనిపిస్తాయి. పైపొర పలచగా ఉన్న తెల్లవాటికే ఇది పనికొస్తుంది. నల్లవాటిలో వెలుతురు దూరదు గనుక ఫలితం ఉండదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పూస లేకుండా ఒంటిపొర ముక్క మాత్రమే పెట్టి పండించే మంచినీటి ముత్యాలున్నాయి. జపాన్ బీవా సరస్సులోనివి, ఆ తర్వాత చైనావి ఇలాంటివే. గులాబి, నారింజ, ఊదా రంగుల్లో మన బజారులో కుప్పలుగా కనిపించేవి చాలావరకు చైనావే. అలాగే పెంపకం చిప్పల్లో అనుకోకుండా ఏర్పడే కేషి ముత్యాలున్నాయి. వీటిలో పూస ఉండదు గనుక బెజ్జంలో గీతా ఉండదు. వీటిని సహజమైనవిగా అమ్మినవాళ్ళున్నారు. భూతద్దం ఇక్కడ ఓడిపోతుంది.

రంగు పుట్టిందా, పూసిందా?

తెల్ల ముత్యాన్ని నల్లగా మార్చడం ఈనాటి విద్య కాదు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి వెలుతురుకు పెడితే లోపల వెండి తేలి నలుపెక్కుతుంది. ఫోటోలు కడిగే రసాయనంతో వచ్చే నలుపు లాంటిదే. మరో పద్ధతి గామా కిరణాలు పట్టించడం. మంచినీటి చిప్పతో చేసిన పూసలో మాంగనీసు ఉంటుంది. కిరణాలు తగిలితే ఆ పూస నల్లబడి, పైపొర గుండా బూడిద నీలం ఛాయ కనిపిస్తుంది. బంగారు వన్నెకు, గులాబికి మామూలు అద్దకాలున్నాయి.

రంగు వేసిన ముత్యాన్ని గుర్తించడానికి నాలుగు ఆనవాళ్ళు చెబుతాను. బెజ్జం చుట్టూ, సన్నని చీలికల్లో, గుంటల్లో రంగు ముద్దగా చేరి ఉంటుంది. గుచ్చిన పట్టుదారానికి రంగు అంటి ఉంటుంది. దండలో ముత్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఒకే రంగులో ఉంటాయి. నలుపు మొద్దుగా సిరాలా ఉంటుంది, తిప్పినప్పుడు లోపలి నుంచి ఆకుపచ్చ, గులాబి మెరుపులు తొంగిచూడవు. ప్రకృతి రెండు ముత్యాలకు ఒకే రంగు ఇవ్వదు. పుట్టుకతో నల్లనివాటి దండ దగ్గరగా చూస్తే ఒకటి పచ్చ, ఒకటి బూడిద, ఒకటి వంకాయ ఛాయ కొడుతుంది.

అతినీలలోహిత దీపం కింద మెక్సికో తీరపు కొన్ని నల్ల ముత్యాలు ఎర్రగా వెలుగుతాయి. పసిఫిక్ నల్ల పెదవివి మందమైన ఎరుపు గోధుమ ఛాయ చూపుతాయి. వెండి ద్రావణంలో నల్లబడ్డవి సాధారణంగా చలించవు. నోట్లు చూసే చిన్న దీపంతో ఇంట్లో సరదాగా చూడవచ్చు గాని, ఆ ఒక్కదానితో తీర్పు చెప్పకండి.

ముత్యం వయసు, నగ వయసు

నాలుగో ప్రశ్న నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యం. కొన్ని సంవత్సరాలు గుర్తుంచుకుంటే సగం పని తేలిపోతుంది. 1920లకు ముందు బజారులో గుండ్రటి కల్చర్ ముత్యం లేదు. తాహితీ దీవుల్లో నల్ల కల్చర్ ముత్యాల ప్రయోగాలు 1960ల్లో జరిగాయి, బజారుకు వచ్చింది 1970ల్లో. మన దేశంలో తూత్తుకుడి దగ్గర వేప్పలోడైలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మొదటి కల్చర్ ముత్యాలు పండించింది 1973లో. బంగారు వన్నె పెద్ద ముత్యాలు విరివిగా వచ్చింది 1990ల నుంచి. శంఖపు ముత్యాన్ని పెంచడం సాధ్యమైందని అమెరికాలో ప్రకటించింది 2009లో.

కాబట్టి 1910 నాటి నగలో పుట్టుకతో నల్లనైన ముత్యం మొదటి నుంచీ అందులోనే ఉంటే అది సహజమైనదే అయి తీరాలి. ఈ తర్కం బలమైనదే. కాని "మొదటి నుంచీ అందులోనే ఉంటే" అన్న షరతు మరువరాదు. దండలు తెగుతాయి, ముత్యాలు రాలిపోతాయి. పెళ్ళికి ముందు రోజు కంసాలి దగ్గరికి పరుగెత్తి, పోయినచోట అప్పుడు దొరికిన ముత్యం వేయించడం మన ఇళ్ళల్లో మామూలే. అందులో మోసమేమీ లేదు. యాభై ఏళ్ళ తర్వాత ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, అంతే. కనుక నగను తిరగేసి చూడండి. ముత్యం కూర్చున్న గిన్నె దానికి సరిపోయిందా? పక్కన కొత్త టంకం మచ్చ ఉందా? జిగురు కనిపిస్తోందా? ఐదింటిలో ఒకదాని బెజ్జం వేరుగా ఉందా?

మన సభ్యుల కుటుంబంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. పేర్లు అడగవద్దు. తల్లి పోయాక తండ్రి నగలు పంచారు. మూడు పేటల మీగడరంగు ముత్యాల దండ పెద్దమ్మాయికి, నల్ల ముత్యాలు ఐదు వేలాడే కెంపుల పతకం చిన్నమ్మాయికి. నల్లవి రంగు వేసినవని ఆయన అనుకున్నారు. సరిపెట్టడానికి చిన్నమ్మాయికి రెండు గాజులు ఎక్కువిచ్చారు. కొన్నేళ్ళకు చిన్నమ్మాయి పతకం అమ్మబోతే ఒక దుకాణంలో పూసల ధర చెప్పారు, మరొకచోట లక్షల్లో చెప్పారు. ఈ వార్త పెద్దమ్మాయి చెవిన పడింది. "నాన్న తెలిసే చెల్లికి ఎక్కువిచ్చారు" అని ఆమె, "నాకు పనికిరానిదని ఇచ్చారు, ఇప్పుడు ఏడుస్తున్నారా" అని ఈమె. రాకపోకలు ఆగిపోయాయి. మధ్యలో నలిగిపోయింది ఎనభై ఏళ్ళ తండ్రి.

చివరకు రెండు నగలూ ప్రయోగశాలకు పంపారు. నల్లవాటిలో మూడు పుట్టుకతో నల్లనైన సహజ ముత్యాలని, రెండు రంగు వేసిన కల్చర్ ముత్యాలని తేలింది. దండలో అధికభాగం సహజమైనవే గాని, మెడ వెనుక వైపు పదకొండు కల్చరువి. తర్వాత తల్లిగారి పాత డబ్బాలో 1968 నాటి రసీదు దొరికింది. తెగిన దండ గుచ్చినందుకు, పతకానికి రెండు నల్ల ముత్యాలు వేసినందుకు కూలి అని అందులో ఉంది. ఆవిడ దాచిపెట్టినదేమీ లేదు, ఎవరూ అడగలేదు. నివేదిక చూశాక అక్కచెల్లెళ్ళు వెంటనే కౌగిలించుకున్నారని చెప్పను గాని, తండ్రిని తప్పుపట్టడం మానేశారు. లెక్క కాగితం మీద వేసుకుని తేడా సర్దుకున్నారు. ఆ పెద్దాయన "నా మాట నిలబడింది" అన్నారు. ఆ మాట ఆయనకు ఎంత అవసరమో మనకందరికీ తెలుసు.

ప్రయోగశాలలో ఏం చేస్తారు?

మన ఛాతీకి ఎక్స్‌రే తీసినట్టే ముత్యానికీ తీస్తారు. సహజమైతే ఉల్లిపొరల్లా సన్నని వలయాలు, కల్చరైతే లోపలి పూస గుండ్రని అంచు కనిపిస్తాయి. పూస లేని మంచినీటి వాటిలో మధ్యన వంకరటింకర ఖాళీ కనిపిస్తుంది. సందేహం తీరకపోతే, మనుషులకు చేసే సి.టి. స్కాన్ లాంటిది అతిసూక్ష్మంగా చేస్తారు. ఎక్స్ కిరణాల కింద మంచినీటి చిప్ప మాంగనీసు వల్ల వెలుగుతుంది, సముద్రపుది వెలగదు. రంగులో వెండి ఉందో లేదో మూలకాల పరీక్ష చెబుతుంది. నల్ల పెదవి ఆల్చిప్ప రంగును దాని కాంతి పట్టీయే గుర్తు పట్టిస్తుంది. స్విట్జర్లాండ్ పరిశోధకులు ముత్యపు పొడి నుంచి జన్యుపదార్థం తీసి అది ఏ జాతి చిప్పదో చెప్పవచ్చునని 2013లో చూపారు. కార్బన్ పద్ధతితో ముత్యం వయసు కట్టడం కూడా చేస్తున్నారు.

మన దేశంలో జైపూర్, ముంబయి నగరాల్లో రత్నపరీక్ష ప్రయోగశాలలున్నాయి. జైపూర్ లోనిది 1972 నుంచి ఉంది. పంపే ముందు ముత్యాలకు ఎక్స్‌రే పరీక్ష చేస్తారా, నగలో పొదిగి ఉండగానే చూస్తారా అని అడిగి కనుక్కోండి. నివేదికలో మూడు ముక్కలు విడివిడిగా ఉండాలి: సహజమా కల్చరా, మంచినీటిదా సముద్రానిదా, రంగు పుట్టుకతోదా వేసినదా. వర్తకుడు రాసిచ్చే చీటీ అమ్మకపు కాగితమే, పరీక్షా నివేదిక కాదు.

అందరూ పంపనక్కరలేదు. వేలు ఖర్చు పెట్టి చిన్న జుంకాల ముత్యాలు పరీక్ష చేయించడం దండగ. నగ పాతదని నమ్మదగిన ఆధారం ఉండి, ముత్యాలు పెద్దవై ఉండి, పంపకమో అమ్మకమో తలపెట్టినప్పుడే పంపండి.

చేయవలసినవి, చేయకూడనివి

ఇంటికి వెళ్ళాక చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. ముందుగా ముత్యాల నగలు ఒక్కొక్కటీ రెండువైపులా ఫోటో తీయించండి. కాగితం మీద వరుసలెన్ని, ముత్యాలెన్ని, పెద్దది ఎన్ని మిల్లీమీటర్లు, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు గుచ్చించారు అన్నవి రాయండి. పాత పెళ్ళి ఫోటోలో ఆ నగ కనిపిస్తే దాని నకలు జతచేయండి. పాత రసీదులు పారవేయకండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. ఆవిడకు తెలిసినది ఏ ఎక్స్‌రేకీ కనిపించదు.

దండ మళ్ళీ గుచ్చించవలసి వస్తే ఎదురుగా కూర్చుని ముత్యాలు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. "ఈ పాతవి పసుపెక్కాయి, ఇవి తీసుకుని కొత్త తెల్లవి ఇస్తాను" అని ఎవరైనా ఉదారంగా అంటే మర్యాదగా లేచి వచ్చేయండి. ఆ పసుపే వాటి విలువ కావచ్చు.

ముత్యాన్ని నిమ్మరసంతోనూ, వెనిగరుతోనూ, సబ్బు పొడితోనూ కడగవద్దు. పులుపు తగిలితే ముత్యం కరుగుతుంది. తెల్లబరచడానికి మందులు పూయవద్దు. కుందనపు నగల లోపల లక్క ఉంటుంది గనుక నీళ్ళలో ముంచనే కూడదు. మెత్తని నూలు గుడ్డతో తుడిచి, విడిగా గుడ్డ సంచిలో ఉంచండి. సెంటు, పౌడరు పూసుకున్నాకే ముత్యాలు పెట్టుకోవాలి, ఇంటికి రాగానే మొదట అవే తీయాలి. శంఖపు గులాబి ముత్యం ఎండకు వెలిసిపోతుంది, కిటికీ దగ్గర ఉంచకండి.

చివరగా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్నవారికి ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. దాన్ని దేశం దాటించడానికి మామూలు మనిషికి అనుమతి లేదు. మన ముత్తవ్వ నగేగా అంటే విమానాశ్రయంలో వినరు. అనుమానం ఉంటే పురావస్తు సర్వేక్షణ శాఖవారికి చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందే తీసుకోండి.

మిత్రులారా, నగలో ముత్యం కల్చర్ అని తేలితే చిన్నబుచ్చుకోవద్దు. మీ అమ్మగారు జీతం రాళ్ళలోంచి మిగిల్చి కూతురి పెళ్ళికి వేయించిన ముత్యం అది. దాని వెల తక్కువ కావచ్చు, అది అబద్ధం కాదు. అబద్ధమల్లా దాన్ని బస్రా అని చెప్పి పంచడమే. ఏది ఏమిటో తెలుసుకుని, రాసిపెట్టి, పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పి పంచండి. రేపు మనం లేనప్పుడు మన కాగితమే మాట్లాడుతుంది.